పాస్‌వర్డ్ కూడా అమానతే

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో మైనారిటీ కుటుంబాల కోసం జరిగిన అవగాహన సమావేశాలలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో పాస్‌వర్డ్‌ల గురించి మాట్లాడతామని ముందుగా తెలిపినప్పుడు కొందరు పెద్దలు చిరునవ్వు నవ్వారు. వక్ఫ్ ఆస్తుల విషయం ఉన్నది, ఓటరు జాబితాల విషయం ఉన్నది, పిల్లల ఉపకార వేతనాల విషయం ఉన్నది. వాటిని విడిచి ఇదేమి విషయమని వారి భావం. వారి సందేహం సమంజసమే. అయితే నేడు ఈ మూడు గదులకూ వేసి ఉన్న తాళం ఒకే రకమైనది. వక్ఫ్ వివరాలు పోర్టల్‌లో ఉన్నవి. ఓటరు దరఖాస్తు ఫోనులో ఉన్నది. ఉపకార వేతనం, షాదీ ముబారక్, భవిష్యనిధి, హజ్ దరఖాస్తు, గల్ఫ్‌లోని కుమారుడు పంపే సొమ్ము, అన్నీ ఏదో ఒక పాస్‌వర్డ్ వెనుకనే ఉన్నవి. హక్కు కాగితం మీద మనదే అయినా, తాళంచెవి మరొకరి జేబులో ఉంటే ఆ హక్కు విలువ ఎంత?

మేము ఈ మూడు పట్టణాలలో ఇండ్లకు వెళ్లి దరఖాస్తులు నింపడంలో సాయపడుతూ వస్తున్నాము. ఆ పనిలో చూసిన సంగతులే ఇక్కడ చెబుతాము.

కోరుట్లలో బీడీలు చుట్టే తల్లులను భవిష్యనిధి ఖాతా పాస్‌వర్డ్ ఏమిటని అడిగితే, చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: "కార్ఖానా పిల్లవానికి తెలుసు." ఆ పిల్లవాడు చెడ్డవాడు కాకపోవచ్చు. ముప్పై మంది ఖాతాలకు ముప్పై పాస్‌వర్డ్‌లు గుర్తుంచుకోవడం అతని వల్ల కాదు. కనుక అందరికీ ఒకే సూత్రం పెట్టాడు: పేరు, ఆట్ గుర్తు, 123. ఒక తల్లి పాస్‌వర్డ్ తెలిసినవారికి మిగిలిన ఇరవై తొమ్మిది మందివీ తెలిసినట్లే. జీవితమంతా చేతి వేళ్లు అరగదీసుకొని కూడబెట్టిన సొమ్ముకు ఆ తల్లులు కట్టుకున్న కావలి ఇది.

జగిత్యాలలో చదువుకునే ఆడపిల్లల సంగతి వేరొక విధం. ఇంటర్నెట్ సెంటరులో దరఖాస్తు నింపేటప్పుడు దుకాణదారుడే ఈమెయిల్ తెరిచి ఇస్తాడు. తన ఫోను నంబరునే దానికి జత చేస్తాడు. రెండేండ్ల తర్వాత కళాశాల మారినప్పుడో, వేతనం ఆగినప్పుడో ఆ ఈమెయిల్ తెరవవలసి వస్తుంది. దుకాణం అక్కడ ఉండదు, నంబరు పనిచేయదు, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే కుటుంబాలలో తండ్రి ఫోనుకు అసలు తాళమే ఉండదు. షెడ్డులో చార్జింగుకు పెట్టిన ఫోను ఎవరు తీసినా తెరుచుకుంటుంది. అందులోనే డబ్బు పంపే యాప్ కూడా ఉంటుంది.

ఇక మన ఇండ్లలో పాస్‌వర్డ్ ఎలా పుడుతున్నదో చూద్దాం. పిల్లవాని పేరు రాస్తాము, ఆట్ గుర్తు వేస్తాము, చివర 786 పెడతాము. బిస్మిల్లాహ్ వాక్యంలోని అక్షరాలకు అబ్జద్ లెక్కలో విలువలు కట్టి కూడితే వచ్చేది 786 అని మన పెద్దలు ఆటోల మీద, దుకాణాల మీద రాసుకున్నారు. ముహమ్మద్ అన్న పేరుకు అదే లెక్కలో 92 వస్తుంది. ఆ ఆచారం సరియైనదా కాదా అన్నది ఉలమాలు చెప్పవలసిన మాట. మేము అందులోకి వెళ్లము. కానీ బండి వెనుక పెద్ద అక్షరాలతో రాసుకున్న సంఖ్య రహస్యం ఎలా అవుతుంది? మన పేరు వినగానే, చివర 786 ఉంటుందని ఊహించడానికి దొంగకు కంప్యూటరు చదువు అవసరం లేదు.

లెక్క వేసి చూద్దాం. మనలో వాడుకలో ఉన్న పేర్లు ఐదు వేలు అనుకోండి. మధ్యలో వేసే గుర్తులు మూడు. చివర వేసే సంఖ్యలు 786, 92, 123, పుట్టిన సంవత్సరాలు అన్నీ కలిపి నూరు. 5,000ను 3తో, తిరిగి 100తో హెచ్చిస్తే 15 లక్షలు. మనిషి కూర్చుని ప్రయత్నిస్తే ఏండ్లు పడుతుంది. కానీ ఆ పని చేసేది యంత్రం. ఏదైనా సంస్థ నుండి ఖాతాల పట్టిక దొంగల చేతికి చిక్కితే, వారు దానిని తమ యంత్రం ముందు పెట్టుకొని సెకనుకు నూరు కోట్ల ఊహలు కూడా ప్రయత్నించగలరు. 15 లక్షల ఊహలు దానికి ఒక రెప్పపాటు కూడా కాదు.

ఇటువంటి పట్టికలు చిక్కుతాయా అంటే, చిక్కినవి. 2009 డిసెంబరులో రాక్‌యూ అనే అమెరికన్ సంస్థ నుండి 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డ్‌లు బయటపడినవి. ఆ సంస్థ వాటిని ఏ మరుగూ లేకుండా, ఉన్నవి ఉన్నట్లు భద్రపరచుకున్నది. అందులో అందరికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456. సుమారు 2 లక్షల 90 వేల మందికి అదే తాళం. ఆ జాబితా నేటికీ దొంగలకు పాఠ్యపుస్తకంలా ఉపయోగపడుతున్నది. మనుషులు ఎలా ఆలోచిస్తారో అందులో రాసి ఉన్నది కదా.

ఈ విద్యకు మూలం వెదికితే మన చరిత్రలోనే ఒక మహనీయుడు కనిపిస్తాడు. 9వ శతాబ్దంలో బగ్దాద్‌లో జీవించిన అల్ కిందీ గూఢ లేఖలను విప్పే పద్ధతి మీద ఒక గ్రంథం రాశాడు. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు తరచుగా వస్తాయి, కొన్ని అరుదుగా వస్తాయి; గూఢ లేఖలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కిస్తే లోపలి అక్షరం బయటపడుతుందని ఆయన చూపాడు. దాదాపు వెయ్యి నూట యాభై సంవత్సరాలు గడిచినా సూత్రం మారలేదు. దొంగ తాళాన్ని పగలగొట్టడు, మన అలవాటును లెక్కిస్తాడు. అల్ కిందీని మనం గర్వంగా తలచుకుంటాము, సమావేశాలలో పేరు చెబుతాము. ఆయన చెప్పినదానిని మాత్రం దొంగలే శ్రద్ధగా చదివినట్లున్నారు.

అలవాటు లేని మాటను సృష్టించాలి, అది మనకు గుర్తుండాలి. చిక్కు అంతా ఇక్కడే ఉన్నది.

చాలా కాలం వరకు నిపుణులు దీనికి తప్పు మందు ఇచ్చారు. ఒక పెద్ద అక్షరం ఉండాలి, ఒక అంకె ఉండాలి, ఒక విచిత్రమైన గుర్తు ఉండాలి, మూడు నెలలకొకసారి మార్చాలి అన్నారు. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థలో బిల్ బర్ అనే అధికారి రాసిన మార్గదర్శకాల నుండి ఈ నియమాలు ప్రపంచమంతా పాకినవి. ఫలితం ఏమిటి? మూడు నెలలకొకసారి మార్చమంటే జనం చివర ఉన్న 1ని 2 చేశారు, తర్వాత 3 చేశారు. మేము పనిచేసిన కార్యాలయాలలో కంప్యూటరు పక్కనే పాస్‌వర్డ్ చీటీ అంటించి ఉండేది. అది గోడ గడియారంలా అందరికీ కనిపించేది. 2017లో ఆ సంస్థే నియమాలను సవరించింది. కారణం లేకుండా తరచూ మార్పించవద్దని, పొడవైన పాస్‌వర్డ్‌లను అనుమతించాలని, ఇదివరకే దొంగల జాబితాలలో ఉన్నవాటిని తిరస్కరించాలని చెప్పింది. తాను నాడు రాసినదానికి ఇప్పుడు విచారిస్తున్నానని బిల్ బర్ కూడా అదే సంవత్సరం పత్రికతో చెప్పాడు. మన బ్యాంకులకు, పోర్టళ్లకు ఆ మాట ఇంకా పూర్తిగా చేరలేదు.

సరియైన మార్గం పొడవు. అయితే పొడవుగా ఉన్నంత మాత్రాన చాలదు. మనిషి తన ఇష్టంతో ఎన్నుకోకూడదు. ఇది ముఖ్యమైన మాట. మనం ఎన్నుకుంటే పిల్లల పేర్లు, ఊరి పేరు, సినిమా పాట, ఖుర్ఆన్‌లో అందరికీ కంఠస్థమైన ఆయత్, ఇవే వస్తాయి. కొందరు యువకులు కలిమానో, ఒక చిన్న సూరానో పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నామని సంతోషంగా చెబుతారు. పవిత్ర వచనాన్ని తాళంచెవిగా మార్చడం మా మనసుకు రుచించదు. అది అలా ఉంచినా, కోట్లమంది నోట ఉన్న వాక్యం రహస్యం కాదు. ప్రసిద్ధ వాక్యాలన్నీ దొంగల యంత్రాలలో ముందే నింపి ఉంటాయి.

ఎన్నిక మన చేతిలో లేకుండా చేయడానికి 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే అమెరికన్ పాచికల పద్ధతిని ప్రవేశపెట్టాడు. 7,776 మాటల జాబితా ఒకటి ఉంటుంది. పాచికను ఐదుసార్లు వేస్తే ఒక సంఖ్య వస్తుంది, ఆ సంఖ్య ఎదుట ఉన్న మాట తీసుకోవాలి. జాబితా ఆంగ్లంలో ఉన్నది గనుక మన తల్లులకు అది పనికిరాదు. అదే పద్ధతిని మేము మన ఇంటికి తగినట్లు మార్చుకున్నాము.

ఒక నిఘంటువు తీసుకోండి. తెలుగుదైనా సరే, ఫీరోజుల్లుగాత్ వంటి ఉర్దూదైనా సరే, వెయ్యి పుటలకు దగ్గరగా ఉంటే మేలు. సున్నా నుండి తొమ్మిది వరకు పది చీటీలు రాసి గిన్నెలో వేయండి. కండ్లు మూసుకొని ఒక చీటీ తీయండి, అంకె రాసుకోండి, చీటీని తిరిగి గిన్నెలో వేసి కలపండి. అలా మూడుసార్లు తీస్తే మూడంకెల సంఖ్య వస్తుంది. అది పుట సంఖ్య. ఆ పుటలో పైనుండి చదువుతూ మీకు బాగా తెలిసిన మొదటి మాట తీసుకోండి. నచ్చలేదని మరొకటి తీయరాదు; నచ్చినది ఎన్నుకోవడం మొదలుపెట్టిన క్షణమే అలవాటు తిరిగి వస్తుంది. పుస్తకంలో అన్ని పుటలు లేకపోతే మాత్రం మళ్లీ చీటీలు తీయవచ్చు.

మేము జగిత్యాల సభలో అందరి ఎదుట తీసినప్పుడు వచ్చిన మాటలు నాలుగు: జల్లెడ, ఇసుక, పల్లకి, కొలిమి. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కానీ ముందు వరుసలోని ఒక పెద్దమ్మ వెంటనే అన్నది: "జల్లెడల ఇసుక పోసుకొని, పల్లకిల కూసొని, కొలిమికి పోయిండు." సభ అంతా నవ్వింది. ఆ బొమ్మ ఇక ఎవరికీ మరుపునకు రాదు. యంత్రం ఇచ్చిన మాటలు పడుగు అయితే, మనసు అల్లే కథ పేక. సిరిసిల్లవారికి దీనిని ఇంతకంటే వివరించనక్కరలేదు. ఈ నాలుగు మాటలూ ఇప్పుడు పత్రికకెక్కినవి గనుక ఎవరూ వీటిని వాడకండి.

ఎన్ని మాటలు చాలునన్నది న్యాయమైన ప్రశ్న. వెయ్యి పుటల నుండి నాలుగు మాటలు తీస్తే లక్ష కోట్ల రకాలు సాధ్యం. ఇందాక చెప్పిన సెకనుకు నూరు కోట్ల యంత్రానికి అది దాదాపు పదిహేడు నిమిషాల పని. ఐదు మాటలైతే పదకొండు రోజులకు పైగా. ఆరు మాటలైతే ముప్పై ఒక్క సంవత్సరాలకు పైగా. ఒక్కొక్క మాట చేరినప్పుడల్లా వెయ్యి రెట్లు పెరుగుతున్నది, చూడండి. ఇది కూడా సంస్థ అజాగ్రత్తగా ఉండి, పట్టిక దొంగల చేతికి చిక్కినప్పటి లెక్క. జాగ్రత్త గల సంస్థలు పాస్‌వర్డ్‌ను నేరుగా దాచవు. దానిని తిరిగి విప్పరాని గుర్తుగా మార్చి, ఒక్కొక్క ఊహకూ ఎక్కువ సమయం పట్టేటట్లు చేసి దాస్తాయి. కొన్ని తప్పు ప్రయత్నాల తర్వాత ఖాతాను మూసివేసే చోట నాలుగు మాటలు ధారాళంగా సరిపోతాయి. ప్రధానమైన ఈమెయిల్‌కు ఐదు పెట్టండి. నలుగురి వివరాలు దగ్గర ఉంచుకునే కార్యకర్తలు ఆరు పెట్టుకోవడం మంచిది.

ఆచరణలో వచ్చే చిన్న చిక్కులు రెండున్నవి. చాలా పోర్టళ్లు ఆంగ్ల అక్షరాలనే స్వీకరిస్తాయి. కనుక తెలుగు మాటనో ఉర్దూ మాటనో ఆంగ్ల అక్షరాలలో కొట్టవలసి ఉంటుంది. కొలిమిని కొందరు ఒక తీరుగా, మరికొందరు మరొక తీరుగా రాస్తారు. మొదటి రోజున ఎలా రాశారో అదే శాశ్వతం. నిర్ణయించుకొని కాగితం మీద రాసుకోండి. రెండవది, పెద్ద అక్షరం, అంకె, గుర్తు తప్పనిసరి అనే చోట మొదటి అక్షరాన్ని పెద్దది చేయండి, మాటల మధ్య అడ్డగీత పెట్టండి, చివర చీటీతో తీసిన ఒక అంకె వేయండి. అంతకు మించిన అలంకారం అక్కరలేదు.

గుర్తుంచుకోవడం మన వల్ల కాదని ఎవరైనా అంటే మాకు ఆశ్చర్యం కలుగుతుంది. పదేండ్ల పిల్లలు ఖుర్ఆన్ మొత్తం కంఠస్థం చేసే సమాజం మనది. హిఫ్జ్ మదరసాలలో ఆ పని ఎలా జరుగుతుందో చూడండి. నేటి కొత్త పాఠం సబఖ్. ఇటీవలి పాఠాల పునశ్చరణ సబ్ఖీ. పాతవాటి పునశ్చరణ మంజిల్. ఐదు మాటలకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. పెట్టిన రోజున పదిసార్లు కొట్టండి. వారం రోజులు రోజుకొకసారి కొట్టండి. తర్వాత ప్రతి శుక్రవారం ఒకసారి. వేలిముద్రతో తెరిచే ఫోను ఉన్నవారు పాస్‌వర్డ్ త్వరగా మరచిపోతారు, ఎందుకంటే మంజిల్ ఆగిపోతుంది.

కంఠస్థమయ్యే వరకు కాగితం మీద ఉంచుకోవడంలో దోషం లేదు. రాయవద్దని భయపెట్టడం వల్లనే జనం 123 దగ్గర ఆగిపోయారు. మాస్కోలోనో మరెక్కడో కూర్చున్న దొంగ కోరుట్లలోని మీ ఇనుప పెట్టెలో కాగితాన్ని చదవలేడు. పట్టాదారు పుస్తకం, నికాహ్‌నామా, రేషన్ కార్డు ఎక్కడ దాచారో అక్కడే దాన్ని దాచండి. ఫోను కవరు వెనుక మాత్రం పెట్టకండి. ఏటీఎం కార్డు మీద పిన్ రాసుకునేవారిని మేము ఇప్పటికీ చూస్తున్నాము.

పిన్ మాట వచ్చింది గనుక: నాలుగు అంకెలకు పది వేల రకాలు ఉన్నవి. పుట్టిన రోజు, నెల పెట్టుకుంటే అవి 366కు తగ్గిపోతాయి. పుట్టిన సంవత్సరం పెట్టుకుంటే నూరు కూడా మిగలవు. జేబులోని పర్సు పోతే అందులో కార్డుతో పాటు ఆధార్ కూడా ఉంటుంది, ఆధార్ మీద పుట్టిన తేదీ ఉంటుంది. నాలుగు చీటీలు తీయండి, అంతే.

అన్ని ఖాతాలకూ ఇంత శ్రమ అవసరమా? అవసరం లేదు. ఫోను తాళం, ఈమెయిల్, బ్యాంకు, ఈ మూడింటికీ వేరు వేరు పాస్‌వర్డ్‌లు కంఠస్థం చేయండి. మిగిలినవి ఒక నోటు పుస్తకంలోనో, ఫోనులోని పాస్‌వర్డ్ పెట్టెలోనో ఉంచవచ్చు. మూడింటిలో ఈమెయిల్ అన్నింటికంటే ముఖ్యం. ఎక్కడ పాస్‌వర్డ్ మరచిపోయామన్నా కొత్తది ఈమెయిల్‌కే వస్తుంది. అది పోతే అన్ని గదుల తాళంచెవులూ ఒక్క గుత్తిగా పోయినట్లే. ఒకే పాస్‌వర్డ్‌ను అన్ని చోట్లా వాడేవారికి ఏదో ఒక చిన్న దుకాణం పట్టిక చిక్కినా ఇదే గతి పడుతుంది.

గల్ఫ్ కుటుంబాలకు మరొక హెచ్చరిక. మనిషి దుబాయికో దమ్మామ్‌కో వెళ్లగానే ఇక్కడి సిమ్ కార్డు మూలన పడుతుంది. నిర్ణీత కాలం వాడకపోతే ఆ నంబరు రద్దవుతుంది. తర్వాత మరొకరికి కేటాయించబడుతుంది. బ్యాంకు పంపే ఓటీపీ ఆ మరొకరికి చేరుతుంది. ప్రయాణానికి ముందే బ్యాంకులో నంబరు సంగతి తేల్చుకోండి. వాట్సాప్‌లో రెండంచెల ధ్రువీకరణ అని ఒక ఏర్పాటు ఉన్నది; ఆరంకెల పిన్ పెట్టుకోవచ్చు. అన్న పేరుతో, బావ పేరుతో సందేశం పంపి, నీ ఫోనుకు ఒక కోడ్ వచ్చింది చెప్పమని అడిగితే, అది మీ వాట్సాప్ తాళంచెవే అని గ్రహించండి. ఐదు మాటల పాస్‌వర్డ్ పెట్టుకొని ఓటీపీని ఫోనులో చదివి వినిపిస్తే, కోట గోడ ఎత్తుగా కట్టి ద్వారం తెరిచి ఉంచినట్లు. జగిత్యాలవారికి కోట సంగతి తెలుసు. కందకం ఎంత లోతుగా తవ్వినా లోపలివాడు వంతెన దించితే ఏమీ లేదు.

మస్జిద్ కమిటీల పెద్దలతో ప్రత్యేకంగా ఒక విషయం మనవి చేయాలి. కేంద్ర ప్రభుత్వం 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించింది. నమోదైన వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలలలోగా అందులో ఎక్కించాలని ఆ సంవత్సరపు సవరణ చట్టం విధించింది. ఆ చట్టం మీద మన అభ్యంతరాలు వేరు, వాటిని చెప్పే వేదికలు వేరు. గడువు దగ్గరపడిన కొద్దీ అంతటా ఏమి జరిగింది? కంప్యూటరు తెలిసిన యువకుని పిలిచి, పని పూర్తి చేయించుకున్నాము. ఏ ఈమెయిల్ ఇచ్చాము, ఏ ఫోను నంబరు ఇచ్చాము అన్నది చాలా చోట్ల ఎవరూ రాసుకోలేదు. రేపు ఆ యువకుడు ఉద్యోగం మీద రియాద్ వెళితే, ఖబరస్తాన్ సరిహద్దుల వివరాలు సరిచేయవలసి వస్తే, కమిటీ ఎవరిని వెదకాలి?

ప్రభుత్వ కార్యాలయాలలో ఒక మంచి పద్ధతి ఉండేది. గుమాస్తా బదిలీ అయితే చార్జి పట్టికలో బీరువాలు ఎన్ని, రిజిస్టర్లు ఎన్ని, తాళంచెవులు ఎన్ని అని రాసి, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరూ సంతకం చేసేవారు. తాళంచెవి లెక్క తేలనిదే విడుదల ఉత్తర్వు చేతికి వచ్చేది కాదు. కమిటీలు ఇదే పద్ధతి పాటించాలి. మస్జిద్ పేరుతో ఒక ఈమెయిల్, మస్జిద్ ఖర్చుతో నడిచే ఒక ఫోను నంబరు ఉండాలి. పాస్‌వర్డ్‌ను కవరులో పెట్టి అతికించి, అతుకు మీద సదర్, కార్యదర్శి సంతకాలు చేసి, లెక్కల పుస్తకంతో పాటు భద్రపరచాలి. కమిటీ మారిన రోజున కవరు కొత్తవారికి అప్పగించాలి. వారు ఆ రోజే పాస్‌వర్డ్ మార్చుకోవాలి. పాతవారి మీద అనుమానంతో కాదు, వారి మీద రేపు అనుమానం రాకుండా ఉండటానికి.

లాగిన్ వివరాలు చేతులు మారితే ఎంత దూరం పోతుందో ఉపకార వేతనాల వ్యవహారం చూపింది. 2020 నవంబరులో జార్ఖండ్‌లో మైనారిటీ విద్యార్థుల కేంద్ర ఉపకార వేతనాల కుంభకోణం వెలుగులోకి వచ్చింది. పాఠశాలల లాగిన్, పాస్‌వర్డ్ దళారుల చేతికి చిక్కడం అందులో ఒక భాగం. చదవని పిల్లలు చదువుతున్నట్లు, వసతి గృహంలో లేనివారు ఉన్నట్లు నమోదయ్యారు. తర్వాత దేశవ్యాప్తంగా కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ 1,572 సంస్థలను పరిశీలింపజేస్తే 830 సంస్థలు బోగస్‌వో, పనిచేయనివో అని తేలింది, ఐదేండ్లలో 144.83 కోట్ల రూపాయల నష్టమని లెక్క కట్టి 2023లో కేసును సీబీఐకి అప్పగించారు. దొంగలు తిన్నది మన పిల్లల సొమ్ము. ఆ తర్వాత నిజమైన పిల్లల దరఖాస్తులు కూడా అనుమానపు చూపును ఎదుర్కొంటున్నవి. పాఠశాలలు, మదరసాలు నడిపేవారు తమ లాగిన్‌ను ఇంటర్నెట్ సెంటరులో వదిలి రావడం ఇకనైనా మానాలి.

చట్టం ఏమి చెబుతున్నదో కూడా తెలుసుకోండి. మరొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే సమాచార సాంకేతిక చట్టం 66సీ సెక్షన్ కింద మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. బ్యాంకు ఖాతా నుండి మనకు తెలియకుండా సొమ్ము పోయినప్పుడు, మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మధ్యలో ఎక్కడో లోపం జరిగి ఉంటే, మూడు పనిదినాలలో తెలియజేసినవారికి నష్టం ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి ఉత్తర్వు చెబుతున్నది. అదే ఉత్తర్వు, మనమే పిన్ చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టమంతా మనదే అని కూడా చెబుతున్నది. సొమ్ము పోయిన వెంటనే 1930కు ఫోను చేయండి. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెట్టేవారి సొమ్ము తిరిగి రావడం కష్టం.

ఇక ఇంటి లోపలి మాట. ఇది కొందరికి రుచించకపోవచ్చు. ఆడపిల్ల ఫోను పాస్‌వర్డ్ అన్నకు తెలియాలి, కోడలి ఈమెయిల్ అత్తింటివారి చేతిలో ఉండాలి అనే ఆచారం కొన్ని ఇండ్లలో స్థిరపడుతున్నది. అనుమతి కోరకుండా పరుల ఇంటిలో ప్రవేశించరాదని ఖుర్ఆన్ నూర్ సూరాలో ఆదేశం ఉన్నది; ఇంటిలోని వారే అయినా విశ్రాంతి వేళలలో అనుమతి అడగాలని అదే సూరాలో ఉన్నది. ఫోను నేడు అటువంటి గదే. 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టు పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ప్రభుత్వాన్ని ఆ హక్కు అడుగుతాము, ఇంట్లో చెల్లెలికి ఇవ్వము. ఇది న్యాయం కాదు. 2021లో, 2022 ప్రారంభంలో ముస్లిం స్త్రీల ఛాయాచిత్రాలను వేలం పేరుతో ప్రదర్శించిన దుర్మార్గం తర్వాత కొన్ని కుటుంబాలు ఆడపిల్లల ఖాతాలనే మూయించివేశాయి. ఆ చిత్రాలు పాస్‌వర్డ్ దొంగిలించి తీసినవి కావు, బహిరంగంగా ఉన్నవే. నేరం చేసినవాడు ఒకడైతే గడియ ఆడపిల్ల తలుపుకు పడింది. ఆమెకు మంచి తాళం ఇవ్వండి, తాళంచెవి ఆమెకే ఇవ్వండి.

రహస్యానికి మరొక అంచు మరణం. గల్ఫ్‌లో కుటుంబ పెద్ద హఠాత్తుగా మరణించిన ఇండ్లకు మేము పరామర్శకు వెళ్లినప్పుడు, ఇద్దత్‌లో ఉన్న సోదరి తెర వెనుక నుండి అడిగే ప్రశ్నలలో ఒకటి ఇది: "ఆయన ఫోను వచ్చింది, తెరుచుకోవడం లేదు, ఏమి చేయాలి?" ఎవరు ఎంత బాకీ ఉన్నారు, ఎవరికి ఎంత ఇవ్వాలి, భీమా కాగితం ఎక్కడున్నది, అన్నీ ఆ ఫోనులోనే ఉన్నవి. వీలునామాగా రాయదగినది ఏదైనా ఉన్నవారు రెండు రాత్రులు కూడా అది రాసి పెట్టుకోకుండా గడపరాదని ప్రవక్త (స) ఉపదేశించారు. అప్పులు, అమానత్‌లు, బ్యాంకు పేరు, భీమా సంఖ్య, ఫోను తాళం ఒక కాగితంలో రాసి, అతికించి, మీరు నమ్మినవారి దగ్గర ఉంచండి. బ్యాంకు పిన్ మాత్రం అందులో వద్దు. మరణించినవారి పిన్‌తో సొమ్ము తీయడం వారసుల మధ్య తగాదాకు దారి, చట్టానికీ విరుద్ధం. దానికి నామినీ ఉన్నారు; 2025 నవంబరు 1 నుండి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. నామినీకి సొమ్ము అందినా అది వారసులందరి అమానత్ అన్న సంగతి మరువరాదు.

చెప్పవలసినది చాలావరకు చెప్పాము. అక్కడ బల్ల మీద మూడు గిన్నెలలో చీటీలు ఉన్నవి. ఒక తెలుగు నిఘంటువు, రెండు ఉర్దూ నిఘంటువులు ఉన్నవి. చదవడం రాని తల్లుల దగ్గర వారి కూతుళ్లు కూర్చోవాలి. మాట పైకి చదవకుండా చెవిలో చెప్పాలి. మా వాలంటీర్లు ఫోనులో ఎక్కడ మార్చాలో చూపుతారు, కొట్టేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంటారు. ఎవరైనా తిప్పుకోకపోతే మందలించండి. ముందుగా ఈమెయిల్ మార్చుకుందాము, దానికి జతచేసిన ఫోను నంబరు మీదేనా కాదా చూసుకుందాము. అసర్ నమాజ్‌కు ఇంకా ముప్పావు గంట సమయం ఉన్నది. స్త్రీల వరుస నుండి మొదలుపెట్టండి.